ముందు నొక్కింది మావాడే!

ఈ వారం రెండు ఉత్తరాలకు మించి చోటు చాలేటట్టు లేదు. మొదటిది పెద్దది, పైగా పేచీతో కూడుకున్నది. రాజమండ్రి నుంచి ఒక తల్లి రాశారు. ఆవిడ మాటల్లోనే కొంత వినండి:

"మావాడు ఇంటరు రెండో సంవత్సరం. చదువుతాడు, కాదనను. రాత్రి భోజనానికి ముందు ఒక గంట కంప్యూటరు మీద ఆడుకోవడానికి వాళ్ళ నాన్నగారు ఒప్పుకున్నారు. ఆ గంటసేపూ మా ఇల్లు రణరంగం. 'ముందు నొక్కింది నేను, చచ్చిందీ నేనే!' అని బల్ల గుద్దుతాడు. వాడి బొమ్మ ముందుకు పరుగెత్తి, రబ్బరుపట్టీ కట్టి లాగినట్టు మళ్ళీ వెనక్కి వస్తుందట. ఇదంతా అక్క ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసుకోవడంవల్లనే అంటాడు. మా పెద్దమ్మాయేమో వాడి ఆటవల్లనే తన మీటింగులో మాటలు ముక్కలు ముక్కలుగా వినిపిస్తున్నాయంటుంది. ఇద్దరికీ రెండు వారాలుగా మాటల్లేవు. ఇప్పుడున్న 100 కనెక్షన్ తీసేసి, నెలకు మరో నాలుగు వందలు ఎక్కువైనా 300 ది తీసుకోమంటాడు. తొమ్మిది వేలు పెట్టి ఆటలకోసం చేసిన రూటరు కొనమంటాడు. ఎవరో స్నేహితుడు చెప్పాడని కంప్యూటరులో ఏవో అంకెలు కూడా మార్చాడు. మావారు రిటైరై రెండేళ్ళయింది. ఏడున్నరకు ఆయన షికారునుంచి వచ్చేసరికి ఈ గొడవ మొదలవుతుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వీడి వరస, నెలాఖరుకు కనెక్షనే తీయించేస్తానంటున్నారు. అదే జరిగితే అమ్మాయి ఉద్యోగం గతేమిటి? అసలు తప్పు ఎవరిది?"

అమ్మా, ముందుగా మీవారికి ఒక మనవి. ఆడలేనివాడు మద్దెలను అనడం లోకంలో వున్నదే గాని, ఒక్కొక్కప్పుడు మద్దెల నిజంగానే ఓడుగా వుంటుంది. మీవాడు బల్ల గుద్దడం తప్పే. అతను చెబుతున్నది మాత్రం అబద్ధం కాకపోవచ్చు. కనెక్షన్ తీయించేముందు, కొత్త రూటరు కొనేముందు, ఒక్క అరగంట పరీక్ష చేసి చూడండి. దానికి కానీ ఖర్చు లేదు. అయితే పరీక్ష ఫలితం అర్థం కావాలంటే ఆ ఆట ఎలా జరుగుతుందో కాస్త తెలిసివుండాలి.

మీ అబ్బాయి ఏ ఆట ఆడతాడో రాయలేదు. వాలొరెంట్ అనుకుందాం. ఆ వయసు పిల్లలకు తెలియని పేరు కాదు. దానికి ముంబైలో సర్వరు కూడా వుంది. ఇటు అయిదుగురు, అటు అయిదుగురు. పదిమందీ పది ఊళ్ళలో ఎవరి కంప్యూటరు ముందు వాళ్ళు కూర్చున్నా, ఆట జరిగేది మాత్రం ముంబైలో. అక్కడి సర్వరు అంపైరు లాంటిదన్నమాట. మీవాడు మీట నొక్కగానే, 'ఇదిగో పేల్చాను' అని ఒక చిన్న చీటీ ముంబై వెడుతుంది. అంపైరు సెకనుకు 128 సార్లు అందరి చీటీలూ చూసి, ఎవరు బతికారో ఎవరు పోయారో తేల్చి, తిరుగు చీటీలు పంపుతాడు. చీటీ పోయి జవాబు రావడానికి పట్టే కాలాన్నే పిల్లలు 'పింగ్' అంటారు. దాన్ని మిల్లీసెకండ్లలో చెబుతారు. సెకనును వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క మిల్లీసెకండు.

ఈ పేరు ఎలా వచ్చిందో చెప్పకుండా వుండలేను. 1983 డిసెంబరులో మైక్ మ్యూస్ అనే అమెరికన్, అక్కడి సైన్యంవారి పరిశోధనశాలలో పనిచేస్తూ, నెట్‌వర్కులో జబ్బు ఎక్కడ వుందో పట్టుకోవడానికి ఒక చిన్న ప్రోగ్రాము రాశాడు. జలాంతర్గాములను వెదికే సోనారు యంత్రం నీళ్ళలోకి ఒక శబ్దం పంపి, అది తగిలి తిరిగివచ్చేందుకు ఎంతసేపు పట్టిందో చూసి దూరం లెక్క కడుతుంది. ఆ శబ్దాన్నే పేరుగా పెట్టాడు. నలభై ఏళ్ళు దాటినా ఆ ప్రోగ్రాము పేరు మారలేదు, పని మారలేదు. మీ ఇంటి కంప్యూటరులోనూ వుంది. మన పరీక్షకు పనికివచ్చేది అదే.

ఇక దూరం. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. రాజమండ్రినుంచి ముంబైకి గీత గీసినట్టు పోతే వెయ్యి కిలోమీటర్ల లోపే. అంటే రానూ పోనూ 10 మిల్లీసెకండ్లు. తీగలు గీత గీసినట్టు పోవు గనుక, దారిలో మజిలీలు వుంటాయి గనుక, ముప్ఫయ్యో నలభయ్యో కనిపిస్తే సవ్యంగా వున్నట్టే లెక్క. అదే ఆటను సింగపూరు సర్వరు మీద ఆడారనుకోండి. హైదరాబాదునుంచి గీత గీసినా 3,300 కిలోమీటర్లు. వెలుగుకే రానూపోనూ 33 మిల్లీసెకండ్లు కావాలి, తక్కిన ఆలస్యాలు దానికి అదనం. ఏ రూటరు కొన్నా ఏ అంకె మార్చినా ఇది తగ్గేది కాదు. కాబట్టి సర్వరును ఎంచుకునే వీలున్న ఆటల్లో ముంబై అని వుందో లేదో మొట్టమొదట చూసుకోమనండి. (హైదరాబాదులోనే పెద్ద పెద్ద కంప్యూటరు కేంద్రాలు వున్నాయిగా అని మీవాడు అడగవచ్చు. నిజమే, అమెజానువారు ముంబైలో 2016 లోనూ, హైదరాబాదులో 2022 లోనూ అలాంటివి తెరిచారు. కేంద్రం వున్నంతమాత్రాన మన ఆట అందులో నడుస్తున్నదని కాదు. అది ఆటవారి ఇష్టం.)

రబ్బరుపట్టీ సంగతి దీనికంటె వింత. 1996 లో క్వేక్ అనే ఆట వచ్చింది. టెలిఫోను తీగకు మోడెం తగిలించి ఆడే రోజులవి. మీట నొక్కినతరువాత బొమ్మ కదలడానికి కంటికి తెలిసేంత ఆలస్యం జరిగేది. ఆ ఏడాది చివర జాన్ కార్మాక్ 'క్వేక్ వరల్డ్' అనే కొత్త కూర్పులో ఒక ఉపాయం పెట్టాడు. అంపైరు జవాబు వచ్చేదాకా ఆగకుండా, మన కంప్యూటరే మన బొమ్మను నడిపించేస్తుంది, ఆయన ఎలాగూ ఒప్పుకుంటాడులే అనే ధైర్యంతో. మామూలుగా ఒప్పుకుంటాడు. చీటీలు ఆలస్యమైనప్పుడూ, దారిలో తప్పిపోయినప్పుడూ ఒప్పుకోడు. అప్పుడు బొమ్మను అంపైరు లెక్కలో వున్న చోటికి లాగెయ్యక తప్పదు. మీవాడు చూస్తున్నది అదే.

'ముందు నొక్కింది నేనే' అన్న వాదనకూ ఆధారం వుంది. హాఫ్ లైఫ్ ఆట తయారుచేసినవారు ఇంకో మెట్టు ఎక్కారు. పేల్చినవాడి తెరమీద ఆ క్షణాన ఎదుటివాడు ఎక్కడ కనిపించాడో అంపైరు కాలాన్ని వెనక్కి తిప్పి చూసి తీర్పు చెబుతాడు. ఇలాంటి తీర్పు తరువాత చాలా ఆటల్లోకి వచ్చింది. అందుచేత, గోడచాటుకు వచ్చేశాను, బతికిపోయాను అనుకున్న తరువాత కూడా గుండు తగులుతుంది. ఎదుటివాడి తెరమీద మీవాడింకా గోడచాటుకు చేరలేదు మరి! ఇద్దరూ చూసిందే చెబుతున్నారు, ఇద్దరి మాటా నిజమే. ఇలాంటి కేసులు సివిలు కోర్టుకు వెడితే ఏళ్ళతరబడి నడుస్తాయి.

దీన్నిబట్టి ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. పింగ్ 60 అయినా సరే, ఎప్పుడు చూసినా 60 వుంటే ఆట సాగుతుంది; చెయ్యి దానికి అలవాటు పడుతుంది. ఒక క్షణం 30, మరుక్షణం 300 అయితేనే రబ్బరు సాగుతుంది. దూరంవల్ల వచ్చే ఆలస్యం గంతులు వెయ్యదు. గంతులు వేస్తున్నదంటే జబ్బు చాలాసార్లు ఇంట్లోనే వుంటుంది.

మరి 100 ను 300 చేస్తే? అమ్మేవారు దాన్ని వేగం అంటారు గాని, అది వెడల్పు. మీకు గోదావరి వంతెన తెలియనిది కాదు. వంతెనను వెడల్పు చేస్తే గంటకు ఎక్కువ బళ్ళు దాటుతాయి. కాని వంతెన ఖాళీగా వుంటే, ఒక సైకిలు ఆసామీ కొవ్వూరు చేరడానికి పట్టే కాలం దాని వెడల్పునుబట్టి మారదు కదా. ఆట మీవాడి సైకిలు. చాలా ఆటలకు సెకనుకు ఒక మెగాబిట్టు కూడా అక్కరలేదు. సినిమా చూడడానికైనా నెట్‌ఫ్లిక్సువారి లెక్క ప్రకారం మంచి బొమ్మకు 5, అతి స్పష్టమైన నాలుగు 'కె' బొమ్మకు 15 చాలు. మీ ఇంటికి 100 తక్కువేమీ కాదు. ఆ నాలుగు వందలూ దాచుకోండి.

సైకిలు ఎందుకు ఆగుతోందంటే, ముందు లారీలు నిలబడ్డాయి గనుక.

రూటరులో ఒక నిలవగది వుంటుంది. బయటికి పోయే దారి పట్టనంత సరుకు ఒక్కసారిగా వస్తే, పారెయ్యకుండా అక్కడ వరసలో నిలబెడుతుంది. పారెయ్యకపోవడం మంచిదేగా అనిపిస్తుంది. మెమరీ చిప్పులు చవకైనకొద్దీ యంత్రాలు చేసేవారు ఈ గదిని పెంచుకుంటూ పోయారు. ఇప్పుడు లెక్క చూడండి. మీ ఇంటినుంచి బయటికి పంపే దారి సెకనుకు 10 మెగాబిట్లనుకుందాం. (కిందికి 100 వస్తున్నా పైకి పోయేది తక్కువగా వుండే కనెక్షన్లు కద్దు.) నిలవగదిలో ఒక మెగాబైటు, అంటే 8 మెగాబిట్ల సరుకు పోగయింది. అది ఖాళీ కావడానికి 800 మిల్లీసెకండ్లు. దాని వెనక చేరిన మీవాడి చీటీ అంతసేపూ నిలబడాలి. ముంబై వెళ్ళిరావడానికి 40, మన వీధిగుమ్మం దాటడానికి 800!

ఈ జబ్బుకు పేరు వచ్చింది కూడా ఒక ఇంట్లోనే. 2010 లో జిమ్ గెటిస్ అనే అమెరికన్ ఇంజనీరు ఇంటినుంచి ఒక పెద్ద ఫైలు పంపుతూ చూస్తే, పింగ్ సెకనుకు మించిపోయింది. తీగ తెగిందా, కంపెనీవారి లోపమా అని వెదికి వెదికి, చివరికి తప్పు ఈ ఉబ్బిన నిలవగదులదని తేల్చాడు. 'బఫర్ బ్లోట్' అన్న పేరు అలా వాడుకలోకి వచ్చింది. కడుపుబ్బరం వంటి పేరే. 2012 లో కాథలీన్ నికొల్స్, వాన్ జాకబ్సన్ అనే ఇద్దరు దీనికి మందు కనిపెట్టారు. వరసలో ఎంత సరుకున్నదని చూడకు, ఎంతసేపటినుంచి నిలబడివున్నదో చూడు. మరీ ఎక్కువసేపు నిలబడుతుంటే ఒకటీ అరా పారెయ్యి, అప్పుడు పంపేవాడే తెలుసుకుని నెమ్మదిస్తాడు అని ఆ మందు సారాంశం. తరువాత దానికే, ఎవరి సరుకుకు వారి వరస వేసి, కొద్ది సరుకుతో వచ్చినవాణ్ణి ముందు పంపే ఏర్పాటు జోడించారు. రేషను షాపులో ఆరు సంచులతో వచ్చినవాడు, చేతిసీసాతో వచ్చిన ముసలమ్మను 'నువ్వు ముందు తీసుకో' అన్నట్టు.

ఇక మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్న మాట ఒకటి వుంది. మీవారు షికారునుంచి ఏడున్నరకు వస్తారన్నారు. గొడవ మొదలయ్యేదీ అప్పుడేనన్నారు. ఆయన జేబులో ఫోను వుంటుంది కదా? ఈ కాలపు ఫోన్లలో, బయట తీసిన ఫోటోలూ వీడియోలూ ఇంటి వైఫై అందీ అందగానే, ఎవరూ చెప్పకుండానే, గూగుల్ ఫోటోస్ వంటి చోట్లకు ఎక్కిపోయే ఏర్పాటు వుంటుంది. గోదావరి గట్టున సూర్యాస్తమయం రెండు నిమిషాలు వీడియో తీస్తే, ఫోనునుబట్టి, వందో రెండువందలో మెగాబైట్లు. 10 మెగాబిట్ల దారిమీద 200 మెగాబైట్లు పోవడానికి, దారంతా తానే ఆక్రమించినా, 160 సెకండ్లు కావాలి. ఆ 160 సెకండ్లూ తమ్ముడి బొమ్మకు రబ్బరుపట్టీ, అక్క మాటకు నత్తి. అలాంటివి నాలుగుంటే పది నిమిషాలు దాటుతుంది. నేను మీవారిని నిందించడంలేదు సుమండీ. ఊహ మాత్రమే, నిజమో కాదో పరీక్షే చెబుతుంది. కాని, అమ్మాయి మీటింగు ఆటను ఇంతగా పాడుచేస్తుందని గాని, మీవాడి ఆట మీటింగును పాడుచేస్తుందని గాని నాకు నమ్మకం లేదు. రెండూ కొద్ది కొద్ది సరుకును క్రమంగా పంపేవే. ఇద్దరూ ఒకే లారీ వెనక ఇరుక్కున్నారని నా అనుమానం.

పరీక్ష ఇది. అక్కా తమ్ముళ్ళిద్దరిచేతా కలిసి చేయించండి. ఒకరు అంకెలు చదవాలి, ఒకరు కాగితం మీద రాయాలి. కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల కిటికీ తెరిచి, ఐపీకాన్ఫిగ్ అని కొడితే 'డిఫాల్ట్ గేట్‌వే' అన్నచోట మీ రూటరు చిరునామా కనిపిస్తుంది. చాలా ఇళ్ళలో అది 192.168.1.1 గాని 192.168.0.1 గాని అయివుంటుంది. ఇప్పుడు పింగ్ అని కొట్టి, కాస్త జాగా వదిలి ఆ చిరునామా వేసి, మళ్ళీ జాగా వదిలి, ఒక అడ్డగీత, దాని పక్కనే టీ అక్షరం వేసి ఎంటరు నొక్కాలి. మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలని వేరే చెప్పనక్కరలేదు. ఆపేదాకా సెకనుకొక వరస పడుతూ వుంటుంది. ఇంకో నల్ల కిటికీలో ఇదేవిధంగా 1.1.1.1 అనే చిరునామాకు పెట్టండి. అది ఎవరు పలకరించినా జవాబు చెప్పే బయటి సర్వరు. కంట్రోలు, సీ మీటలు కలిపి నొక్కితే ఆగుతుంది.

మొదట ఇల్లంతా నిశ్శబ్దంగా వున్నప్పుడు, ఫోన్లన్నీ వైఫై కట్టేసి, రెండు నిమిషాలు చూడండి. తరువాత మీవారి ఫోనునుంచి ఒక పెద్ద వీడియో పైకి పంపుతూ రెండు నిమిషాలు. అప్పుడు మొదటి కిటికీ మెదలకుండా వుండి రెండో కిటికీలో అంకె మూడింతలో పదింతలో అయితే, దోషి నిలవగది. ఇల్లు నిశ్శబ్దంగా వున్నా మొదటి కిటికీలోనే, అంటే పక్కగదిలోని రూటరు దాకా వెళ్ళిరావడానికే, అంకెలు 2 నుంచి 80 కి ఎగురుతుంటే, దోషి వైఫై. మొదటిది బాగుండి, ఇంట్లో ఏ సరుకూ కదలకపోయినా రెండోది రోజూ సాయంత్రం వేళ మాత్రం చెడుతుంటే, అది బయటివారి దారి ఇరుకు. అప్పుడు ఆ కాగితం పట్టుకుని కనెక్షన్ ఇచ్చినవారి దగ్గరికి వెళ్ళండి. 'నెట్టు బాగాలేదండీ' అంటే వినేవారు తక్కువ. తేదీ, వేళ, అంకె చూపిస్తే వింటారు.

వైఫైదే తప్పయితే మందు చవక. రూటరునుంచి కంప్యూటరుకు గోడవెంట ఒక ల్యాన్ కేబులు లాగించండి. కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది. ఆ తీగ 100 మీటర్లదాకా నిక్షేపంలా పనిచేస్తుంది. మన ఇళ్ళు అంత పెద్దవి కావు. తొమ్మిది వేల రూటరు గాలిలో చేసే పనికంటె ఈ తీగ చేసే పని ఆటకు మేలు. తీగకు వీలుకాని ఇల్లయితే, వైఫైలో 2.4 అనే పాత తరగతి వదిలి 5 అనే తరగతికి మారమనండి. పాతదానిలో ఒకదానికొకటి అడ్డు తగలని దారులు మూడే. అపార్టుమెంటులో ఇరవై ఇళ్ళవాళ్ళూ ఆ మూడింటిలోనే తోసుకుంటారు. పైగా వంటింట్లో మైక్రోవేవ్ పొయ్యి కూడా అదే తరగతిలో కూస్తుంది. పప్పు వేడిచేసినప్పుడల్లా ఆట ఆగుతోందని ఎవరైనా చెబితే నవ్వకండి. 5 తరగతికి ఒక లోపం వుంది: గోడలు దాటడం తక్కువ. రూటరును బీరువా వెనకనుంచి తీసి నడిమింట్లో ఎత్తుగా పెట్టాలి.

నిలవగదిదే తప్పయితే రెండు మార్గాలు. కొన్ని రూటర్లలో 'క్యూఓఎస్' అనో 'ఎస్‌క్యూఎం' అనో ఒక ఏర్పాటు వుంటుంది. ఇందాక చెప్పిన మందు అదే, ముఖ్యంగా రెండోది. దాన్ని తెరిచి, మీ దారిలో నిజంగా పైకి పోయే పరిమాణంలో 85 లేక 90 పాళ్ళు మాత్రమే వాడుకోమని రాయాలి. ఆ కాస్తా వదులుకుంటే వరస మనకు చెప్పుచేతల్లో వుండే చోట ఏర్పడుతుంది. కొత్త రూటరు కొనవలసివస్తే, డబ్బాకు ఎన్ని కొమ్ములున్నాయో ఎన్ని రంగుల దీపాలు వెలుగుతాయో కాదు, ఈ ఏర్పాటు వుందో లేదో అడిగి కొనండి. అది లేకపోతే రెండో మార్గం: లారీలను ఆ గంటసేపు ఆపడం. మీవారి ఫోనులో బ్యాకప్ ఆపివుంచవచ్చు. కంప్యూటరులో వన్‌డ్రైవ్‌కు 2, 8, 24 గంటలు విశ్రాంతి ఇచ్చే మీట వుంది. విండోసువారు 2015 నుంచి, ఒక ఇంట్లోకి వచ్చిన కొత్త సవరణలను ఆ కంప్యూటరునుంచే ఇతరులకు పంచే పద్ధతి పెట్టారు. సెట్టింగుల్లో 'డెలివరీ ఆప్టిమైజేషన్' అన్నచోట దాన్ని ఆపెయ్యవచ్చు. మన దారిలో ఊరివారి సరుకు మోయడం దేనికి?

మీవాడు మార్చిన అంకెల గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆ స్నేహితుడు అబద్ధం చెప్పలేదు, పాత మందు చెప్పాడంతే. 1984 లో ఫోర్డ్ ఏరోస్పేస్ సంస్థలో జాన్ నేగిల్ ఒక సంగతి గమనించాడు. దూరాన వున్న కంప్యూటరుకు ఒక్క అక్షరం పంపాలంటే, దానిమీద 40 అక్షరాల చిరునామా అంటించి, 41 అక్షరాల కవరు పంపవలసి వస్తోంది. అందుకని, ముందు పంపినదానికి రసీదు వచ్చేదాకా చిన్నచిన్న సరుకును పోగుచేసి ఒకే కవరులో పంపమన్నాడు. మంచి పొదుపు. ఇటు అందుకునేవాడూ పొదుపరే. ప్రతి కవరుకూ రసీదు ఎందుకని, రెండో కవరు వస్తుందేమోనని చూసి, విండోసులో అయితే 200 మిల్లీసెకండ్లదాకా ఆగుతాడు. ఇద్దరు పొదుపరులూ ఎదురైతే పెళ్ళి విందులో వియ్యంకులే: 'మీరు కూర్చోండి', 'ముందు మీరు కూర్చోండి' అని నిలబడేవుంటారు, పులుసు చల్లారుతుంది. రిజిస్ట్రీలో ఆ రెండు అంకెలూ మార్చడం ఈ మర్యాదలు మాన్పించడానికే. 2004 లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వంటి ఆటలకు అది నిజంగా పనిచేసింది. తరువాత ఆ ఆటలోనే అందుకు ఒక మీట పెట్టారు.

అయితే ఆ ఆట రసీదుల పద్ధతిమీద నడిచేది, పాతకాలపు రిజిస్టరు పోస్టులాగా. (మన తపాలావారు 2025 సెప్టెంబరులో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారనుకోండి.) వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ వంటి తుపాకీ ఆటలు రసీదు లేని కార్డుముక్కలమీద నడుస్తాయి. పోయింది పోయింది, తరువాతి కార్డు చూడు అనే పద్ధతి. అక్కడ ఈ మర్యాదలే లేవు గనుక మాన్పించేదీ లేదు. మార్చిన అంకెలవల్ల హాని జరిగివుండదు. తిరిగి వెనకటివి పెట్టేస్తే మంచిది. 'ఆటో ట్యూనింగ్' అనేదాన్ని ఆపివుంటే మాత్రం వెంటనే తెరవమనండి. దాన్ని ఆపితే దూరంనుంచి వచ్చే పెద్ద ఫైళ్ళు కుంటుతాయి, ఆటకు ఒరిగేది లేదు. డీఎన్ఎస్ చిరునామా మార్చమని కూడా చెబుతారు. అది పేరు చూసి చిరునామా చెప్పే పుస్తకం. ఆట మొదలయ్యాక ఎవరూ దాన్ని తెరవరు. ఇక, పింగ్ తగ్గిస్తామని వచ్చే ఊరూ పేరూ లేని ప్రోగ్రాములను ఇంట్లోకి రానివ్వకండి. బ్యాంకు పని కూడా ఆ కంప్యూటరు మీదనే చేసుకుంటారు కదా.

ఇంకొక్క అనుమానం కూడా తీర్చుకోవాలి. ఆటలోనే పింగ్ చూపే ఏర్పాటు వుంటుంది. ఆ అంకె కదలకుండా వున్నా బొమ్మ ఆగి ఆగి నడుస్తున్నదంటే జబ్బు నెట్టుది కాదు, కంప్యూటరుది. లోపల దుమ్ము పట్టి వేడెక్కుతున్నదేమో చూడాలి. లేదా బొమ్మల నాణ్యత ఒక మెట్టు తగ్గించాలి. టీవీని తెరగా వాడుకునేవారయితే అందులో 'గేమ్ మోడ్' పెట్టుకోవాలి. టీవీలు బొమ్మకు మెరుగులు దిద్దుతూ ఆలస్యం చేస్తాయి.

రెండో ఉత్తరం చిన్నది. గుంటూరునుంచి ఒక తాతగారు రాశారు: "నా మనవళ్ళు ఇద్దరిలో ఒకడు డల్లాసులో, ఒకడు నా దగ్గర. శనివారాలు ఇద్దరూ కంప్యూటరులో తుపాకీ ఆట ఆడుకుంటారు. ఎప్పుడూ ఇక్కడివాడే ఓడి కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. వీడు అంత మొద్దా?"

కాదు తాతగారూ. ఆ ఊరికీ మనకూ 14 వేల కిలోమీటర్ల పైచిలుకు. సర్వరు డల్లాసు దగ్గర వుంటే వెలుగు వెళ్ళిరావడానికే 140 మిల్లీసెకండ్లు దాటాలి. నిజంగా పట్టేది 200 కు పైమాటే. అక్కడివాడికి ఇరవయ్యో ముప్ఫయ్యో. పరుగుపందెంలో ఒకణ్ణి పది గజాలు వెనక నిలబెట్టినట్టు. ఆటలో వీలుంటే జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు సర్వరు ఎంచుకోమనండి. గుంటూరునుంచి అది ఏడువేల కిలోమీటర్ల పైచిలుకు, డల్లాసునుంచి ఎనిమిదివేల పైచిలుకు. ఇద్దరికీ కష్టం ఇంచుమించు సమానం. ఆపైన ఎవరి చేతివాటం వారిది. వీలు లేకపోతే చదరంగం ఆడించండి. లీచెస్ అనే చోట ఉచితంగా ఆడుకోవచ్చు. ఎత్తు దారిలో వుండగా అయిన ఆలస్యాన్ని కొంతవరకు అదే గడియారంలోంచి మినహాయిస్తుంది. డల్లాసులో శనివారం ఉదయం 9 గంటలంటే మనకు వేసవిలో రాత్రి 7-30, నవంబరునుంచి మార్చిదాకా 8-30. మీవాడికి అన్నం ముందే పెట్టించెయ్యండి.